స్వాతి ప్రయాణము

వేసవి ముగియు దినములలో, మే నెల చివర, రాత్రి పది గంటల వేళ ఉప్పల్‌లోగాని నాచారములోగాని మేడపైకెక్కి తల పైకెత్తి చూచినచో, ఇంచుమించు నడినెత్తిన నారింజ వన్నెగల యొక గొప్ప చుక్క కన్పట్టును. ఆ ప్రాంతమున వీథి దీపములు, పారిశ్రామికవాడలోని కర్మాగారముల దీపములు, ఆటలు జరుగు రాత్రులందు క్రికెట్టు క్రీడాంగణపు స్తంభదీపములు ఆకాశమును తెల్లబరచి వేలకొలది చుక్కలను మాటుపరచుచున్నవి. ఈ చుక్క మాత్రము దాగదు. అదియే స్వాతి. పాశ్చాత్యులు దీనిని ఆర్క్‌టూరస్ అందురు. ఆకాశమున ఉత్తరార్ధమునందలి తారలలో దీనికంటె ప్రకాశవంతమైనది వేరొకటి లేదు.

దీనిని గుర్తించుటకొక సులభ మార్గము కలదు. ఆ వేళకు ఉత్తర దిక్కున, కొంచెము పడమరగా, సప్తర్షి మండలము కన్పట్టును. అందలి ఏడు తారలలో నాలుగు చతుష్కోణముగను, తక్కిన మూడు వంపు తిరిగిన తోకవలెను ఉండును. ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు. వసిష్ఠుని సరసన మినుకుమినుకుమనునది పెండ్లిలో పురోహితుడు నూతన దంపతులకు చూపు అరుంధతి. తోక చివర నున్నది మరీచి. ఆ తోక వంపును అదే తీరున ముందునకు సాగించినచో చూపు స్వాతిపై నిలుచును. ఇంకను సాగించినచో చిత్తా నక్షత్రమును చేరును.

స్వాతి మన నడినెత్తిన నిలుచుటకు కారణమేమి? ఉప్పల్ భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 డిగ్రీల 24 కళల అక్షాంశమున నున్నది. డిగ్రీలో అరువదవ వంతు కళ, కళలో అరువదవ వంతు వికల. భూమధ్యరేఖకు సరిగా పైన ఆకాశమున నొక వలయమును ఊహించినచో, స్వాతి ఆ వలయమునకు ఉత్తరముగా సుమారు 19 డిగ్రీల దూరమున నున్నది. కావున అది మన నడినెత్తిని దాటునపుడు రెండు డిగ్రీలకు లోపుగానే ఉత్తరమునకు ఒరగి యుండును. మూడు నాలుగు నిండు చందమామలను ప్రక్కప్రక్కన పేర్చిన వెడల్పు మాత్రమే ఆ ఎడము. ఈ సంబంధమును తారుమారు చేసి, తార ఎత్తును కొలిచి తాముండు చోటి అక్షాంశమును తెలిసికొనుట భూమి కొలుచువారి ప్రాచీన విద్య. ఉప్పల్‌లోనే భారత సర్వేక్షణ సంస్థవారి శిక్షణాలయము కలదు. కృత్రిమ ఉపగ్రహములు రాకపూర్వము దేశపటములను వ్రాసిన సర్వేయర్లకు తారలే ఆధారము. వారు నమ్మినది ఒక్కటే: తారలు తమ స్థానములను విడువవు.

ఆ నమ్మకమును మొట్టమొదట భంగపరచిన తారలలో స్వాతి యొకటి. ఆ కథకు ముందు దాని పేరును గూర్చి కొంత తెలిసికొనవలెను. మన పంచాంగమునందలి ఇరువదియేడు నక్షత్రములలో స్వాతి పదునైదవది. తెలుగు రైతునకు ఈ పేరు కార్తెగా సుపరిచితము. అక్టోబరు చివరినుండి నవంబరు మొదటి వారము వరకు స్వాతి కార్తె. ఆ కార్తెలో కురిసిన చినుకు ముత్యపు చిప్పలో పడినచో ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. అయితే కార్తెకు పేరిచ్చిన ఈ తార సూర్యచంద్రులు నడచు త్రోవలో లేదు. ఆ త్రోవకు ఉత్తరముగా ముప్పది డిగ్రీలకు పైగా దూరమున నున్నది. వేద వాఙ్మయమున దీనికి నిష్ట్య యను పేరు కలదు. వెలుపలిది, పరాయిది అని ఆ మాటకర్థము. ఆ పేరు దీనికెంత తగినదో మున్ముందు తెలియగలదు.

గ్రహములు సంచరించుననియు, తారలు కదలవనియు పూర్వులు తలచిరి. ఆకాశమంతయు దినమున కొకమారు తిరుగుచున్నట్లు కన్పించినను, ఒక తారకును దాని ప్రక్క తారకును గల ఎడము మాత్రము తాత నాటను మనుమని నాటను ఒక్కటిగనే యుండెను. 1718లో ఎడ్మండ్ హేలీ యను ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరీక్షించెను. తోకచుక్కకు పేరు వచ్చినది ఈ హేలీ వలననే. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున టాలమీ తన గ్రంథమునందు పొందుపరచిన తారల స్థానములను ఆయన తన కాలపు కొలతలతో పోల్చెను. చాల తారల స్థానములు ఒకదానితో నొకటి సరిపోయినవి. స్వాతి, లుబ్ధకము మొదలగు కొన్ని మాత్రము సరిపోలేదు. పూర్వుల కొలతయే తప్పని సరిపెట్టుకొనవచ్చును గదా! కాని చుట్టునున్న చిన్న తారలను సరిగా కొలిచినవారు, అన్నిటికంటె మిక్కిలి ప్రకాశించు తారలను మాత్రమే తప్పుగా కొలుతురా? కావున తప్పు కొలతలో లేదనియు, తారలే కదలినవనియు హేలీ నిర్ణయించెను.

ఆ కదలిక ఎంత? నేటి కొలతల ప్రకారము స్వాతి సంవత్సరమునకు 2.28 వికలల చొప్పున, చిత్త యున్న కన్యారాశి వైపునకు జరుగుచున్నది. రెండుంబావు కిలోమీటర్ల దూరమున నొకడు అంగుళము వెడల్పుగల నాణెమును పట్టుకొని నిలిచినచో, ఆ నాణెము మన కంటికి ఎంత కన్పట్టునో, స్వాతి యొక సంవత్సరమున అంత మాత్రమే కదలును. చంద్రబింబపు వెడల్పంత దూరము జరుగుటకు దానికి సుమారు ఎనిమిది వందల సంవత్సరములు పట్టును. ఓరుగల్లున కాకతీయులు ఏలిన నాటినుండి నేటి వరకు అది నడచినది అంతియే. అయినను టాలమీ నాటినుండి హేలీ నాటివరకు గడచిన కాలములో ఈ చిన్న అడుగులే కూడి ఒక డిగ్రీకి సమీపించినవి. ఒక మనుష్యుని జీవితమున కంటికి కానరాని కదలిక, పలుతరముల కొలతలను ప్రక్కప్రక్కన పెట్టినపుడు బయటపడినది.

కంటికి కన్పట్టు కదలికనుండి నిజమైన వేగమును తెలిసికొనవలెనన్న తార దూరము తెలియవలెను. చేరువనున్న నత్త నడకయు, దూరముననున్న రైలు పరుగును కంటికి ఒక్కటిగానే తోచవచ్చును. దూరమును కొలుచు పద్ధతిని మన యూరి యుదాహరణముతోనే వివరింతము. అడ్డములేని ఎత్తైన మేడలపైనుండి చూచుచున్నామని తలపుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము ఉప్పల్‌నుండి చూచువానికి కొంత ఉత్తరమునకు ఒరగిన పడమటి దిక్కున నుండును. నాచారమునుండి చూచువానికి అదే భవనము కొంత దక్షిణమునకు ఒరగిన పడమటి దిక్కున నుండును. ఉప్పల్‌కును నాచారమునకును గల దూరము, ఆ రెండు దిక్కులకు గల కోణములు తెలిసినచో, భవనమువరకు నడువకయే దాని దూరమును లెక్కింపవచ్చును.

తార విషయమున ఉప్పల్‌కును నాచారమునకును గల ఎడము దేనికిని చాలదు. కావున శాస్త్రజ్ఞులు భూమి యొక్క కక్ష్యనే కొలబద్దగా తీసికొనిరి. జనవరిలో నున్న చోటినుండి జూలై నాటికి భూమి సూర్యునికి ఆవలి వైపున, సుమారు 30 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును. ఆ రెండు చోట్లనుండి చూచినపుడు దూరపు చిన్న తారల నడుమ స్వాతి స్థానము రవంత మారును. ఆ మార్పులో సగము వికలలో పదవ వంతునకు కూడ తక్కువ. ఉప్పల్‌లో నిలిచి, యాదగిరిగుట్టకు ఆవల నున్న అంగుళపు నాణెమును చూచినచో అది ఎంత కన్పట్టునో అంత. ఇంతటి సూక్ష్మమైన కోణమును కొలిచి, స్వాతి 37 కాంతి సంవత్సరముల దూరమున నున్నదని తేల్చిరి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తు కాంతి అచ్చటనుండి మనలను చేరుటకు 37 సంవత్సరములు పట్టును. మీరు నేడు చూచు స్వాతి వెలుగు మీరు పుట్టుటకు ఎంతయో ముందే బయలుదేరినది. 1933లో అమెరికాలోని షికాగో నగరమున జరిగిన మహాప్రదర్శనమును ఈ తార వెలుగుతోనే ప్రారంభించిరి. దూరదర్శినుల ద్వారా ఆ కాంతిని విద్యుద్ఘటములపై పడజేసి, దానివలన పుట్టిన విద్యుత్తుతో దీపములను వెలిగించిరి. స్వాతి 40 కాంతి సంవత్సరముల దూరమున నున్నదని ఆనాడు తలచిరి. అదే నగరమున అంతకు నలువది సంవత్సరములకు ముందు, 1893లో, జరిగిన ప్రదర్శన కాలమునందు బయలుదేరిన కాంతియే తమ దీపములను వెలిగించినదని వారు సంతసించిరి.

దూరము తెలిసినంతనే తార స్వరూపమును తెలిసినది. స్వాతి సూర్యునికంటె సుమారు 170 రెట్లు అధికముగా వెలుగును. కాని దాని వేడి సూర్యుని వేడికంటె తక్కువ. సూర్యుని ఉపరితలమున సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడి యుండగా, స్వాతి ఉపరితలమున 4,000 డిగ్రీలు మాత్రమే. కొలిమిలో కాల్చిన ఇనుము మిక్కిలి వేడెక్కినపుడు తెల్లగను, కొంత చల్లారినపుడు నారింజ వన్నెగను కన్పట్టుట మనమెరుగుదుము. స్వాతి వన్నెకును కారణమదియే. వేడి తక్కువైనను వెలుగు ఎక్కువగుటకు ఒక్కటే హేతువు: దాని పరిమాణము పెద్దది. స్వాతి వ్యాసము సూర్యుని వ్యాసమునకు సుమారు 25 రెట్లు. దాని కడుపులో పదునైదు వేలకు పైగా సూర్యులు పట్టుదురు.

ఇంతటి కాయమున నున్న పదార్థము మాత్రము ఒక్క సూర్యునికి సరిపడునంతకంటె ఏ కొంచెమో అధికము. కావున స్వాతి మిక్కిలి పలుచని వాయుగోళము. సగటున చూచినచో అది మనము పీల్చు గాలికంటె పది రెట్లకు పైగా పలుచన. ఇట్టి తారలకు మహాతారలని పేరు. వీనికంటెను పెద్దవి లేకపోలేదు. వృశ్చిక రాశిలోని జ్యేష్ఠను తెచ్చి సూర్యుని స్థానమున నిలిపినచో భూమియు, కుజుడును దాని లోపలనే మునిగిపోవును. స్వాతి అంతటిది కాదు; సూర్యుని స్థానమున నిలిపినను అది బుధగ్రహ కక్ష్యలో మూడవ వంతు దూరము కూడ చేరదు.

నారింజ వన్నెగల రెండు చుక్కలలో ఒకటి చిన్నదై చేరువనుండవచ్చును. మరియొకటి మహాతారయై దూరమున నుండవచ్చును. కంటికి రెండును సమానమే. వీనిని వేరుపరచుటకొక చక్కని మార్గమును కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదున పెరిగినవారు. ఆయన పేరు వైను బప్పు. 1927లో మద్రాసున జన్మించిన బప్పు తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. దూరదర్శినుల నడుమ పెరిగిన ఆ బాలుడు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో అమెరికా వెళ్ళెను. 1949లో నొక తోకచుక్కను కనుగొనినవారిలో ఆయన యొకడు. తార వెలుగును పట్టకమువంటి సాధనముగుండ ప్రసరింపజేసినచో ఇంద్రధనుస్సువంటి వర్ణపటము ఏర్పడును. అందు అచ్చటచ్చట నల్లని గీతలుండును. వానిలో నొకటి కాల్షియము వలన కలుగునది. ఇట్టి తారలందు ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగు రేఖ యొకటి కన్పట్టును. తార నిజముగా ఎంత ప్రకాశవంతమైనదో ఆ రేఖ అంత వెడల్పుగా నుండునని ఓలిన్ విల్సన్, వైను బప్పు 1957లో ప్రకటించిరి. నిజమైన ప్రకాశము తెలిసినచో, కంటికి కన్పట్టు ప్రకాశముతో పోల్చి దూరమును తెలిసికొనవచ్చును. విల్సన్ బప్పు ఫలితమను పేరున ఇది నేటికిని శాస్త్ర గ్రంథములందు నిలిచియున్నది.

స్వాతి పుట్టుకతోనే మహాతార కాదు. ఒకప్పుడది మన సూర్యునివంటిదే. తారలకు ఇంధనము ఉదజని, అనగా హైడ్రోజన్. నడిబొడ్డున నున్న ఉదజని హీలియముగా మారుచు వెలుగును వేడిని పుట్టించును. ఆ నడిబొడ్డులోని ఉదజని ముగిసినపుడు, మిగిలిన భాగము తన బరువుచే తాను క్రుంగి మరింత వేడెక్కును. దాని చుట్టునున్న పొరలోని ఉదజని మునుపటికంటె తీవ్రముగా మండసాగును. అంతట పై పొరలు ఉబ్బి, విస్తరించి, చల్లారి యెర్రబారును. సుమారు ఏడు వందల కోట్ల సంవత్సరముల వయస్సుగల స్వాతి నేడు ఆ దశయందున్నది. ఇంకొక అయిదు వందల కోట్ల సంవత్సరములకు మన సూర్యునికిని ఆ దశ ప్రాప్తించును. అప్పటికి ఎంతయో ముందే భూమిపై సముద్రములు ఇంకిపోవును. స్వాతిని చూచుట మన సూర్యుని ముసలితనమును ముందుగా చూచుటయే.

ఇక దాని నడకను చూతము. దూరమును, ఏటేటి కదలికను కలిపి లెక్కించినచో, స్వాతి సూర్యునితో పోల్చగా సెకనుకు సుమారు 122 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదని తేలినది. ఆ వేగముతో ఉప్పల్‌నుండి బయలుదేరినవాడు ఒక సెకనుకంటె ఏ కొంచెమో ఎక్కువ కాలములో వరంగల్లు చేరును. సూర్యుడును మన చుట్టుప్రక్కల తారలలో అధిక భాగమును పాలపుంత కేంద్రమును చుట్టుచు, ఒకే బాటన నడచు బండ్లవలె, ఇంచుమించు ఒకే వేగమున సాగుచున్నవి. స్వాతి వానికంటె పాత తరమునకు చెందినది. అది సూర్యునికంటె సెకనుకు సుమారు నూరు కిలోమీటర్లు వెనుకబడుచు, ఆ గుంపును అడ్డముగా దాటిపోవుచున్నది. మన పూర్వులు దానికిచ్చిన నిష్ట్య యను పేరు ఈ విధమునను సార్థకమైనది. అది నిజముగనే మన వీథిని దాటిపోవు పరాయి బాటసారి.

స్వాతి ఇప్పుడు మనకు ఇంచుమించు అత్యంత సమీపమున నున్నది. ఇంకను సుమారు నాలుగు వేల సంవత్సరములవరకు రవంత చేరువై, పిమ్మట దూరము కాసాగును. అయిదు లక్షల సంవత్సరములు గడచునప్పటికి రెండు వందల కాంతి సంవత్సరముల దూరమును దాటి, నేటి వెలుగులో ముప్పదవ వంతుతో అనేక సామాన్య తారలలో నొకటిగా కన్పట్టును. మానవుడు చుక్కలకు పేర్లు పెట్టిన కాలమును, ఆ బాటసారి మన గుమ్మము ముందునుండి పోవు కాలమును ఒక్కటియగుట మన భాగ్యము.

ఒక్క స్వాతియే కాదు, ప్రతి తారయు కదలుచున్నది. కాని తక్కిన వానిలో అధిక భాగము ఇంతకంటె మిక్కిలి నెమ్మదిగా కదలుచున్నట్లు తోచును. వాని కదలికను తెలిసికొనవలెనన్న, నేడొక కొలత తీసి, వందేండ్లకు మరియొక కొలత తీయవలెను. ఈ యుద్దేశముతో 1887లో పారిస్ నగరమున పలు దేశముల శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశమంతటిని ఛాయాచిత్రములలో నెక్కింప సంకల్పించిరి. ఆకాశమును పట్టీలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని అప్పగించిరి. అందొక పట్టీ హైదరాబాదునకు లభించినది.

హైదరాబాదున వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో స్థాపించెను. అనంతరము నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు తరలించినది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. దక్షిణమున 17 డిగ్రీలకును 23 డిగ్రీలకును నడుమ నున్న ఆకాశభాగము దాని వంతు. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అను అధిపతుల కాలమున, ఏండ్ల తరబడి అచ్చటివారు రాత్రులందు గాజు పలకలపై చిత్రములు తీసిరి. పగళ్ళు ఒక్కొక్క పలకను సాధనము క్రింద నుంచి ఒక్కొక్క చుక్క స్థానమును కంటితో చూచి కొలిచిరి. లక్షలాది చుక్కల స్థానములతో 12 సంపుటములు వెలువడినవి. ఆ పని వారికి కీర్తిని తెచ్చునది కాదు. తాము కొలిచిన తార కదలినదో లేదో తాము బ్రతికి చూడబోమని వారెరుగుదురు.

కొన్ని దశాబ్దములు ఆ సంపుటములు బీరువాలలోనే యుండినవి. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును ప్రయోగించి తారల స్థానములను మునుపెన్నడును లేనంత సూక్ష్మముగా కొలిచిరి. స్థానములు లభించినవి, కదలికలను తెలిసికొనుటకు పాత కొలతలు కావలసివచ్చినవి. అపుడు ప్రపంచపు వేధశాలలు కూర్చిన ఆ పాత సంపుటములను, హైదరాబాదువారి వానితో సహా, మరల తెరచిరి. 2000లో వెలువడిన టైకో రెండవ పట్టికయందు ఇరువదియైదు లక్షల తారల కదలికలు ఆ విధముగనే లెక్కింపబడినవి. బేగంపేటలో దీపము క్రింద కూర్చుండి చుక్కలు కొలిచినవారి శ్రమ, వారు మరణించిన చిరకాలమునకు ఫలించినది.

నేడు ఆ పనిని ఉప్పల్, నాచారములవంటి చోట్ల మొదలుపెట్టుట సాధ్యము కాదు. నగర దీపముల వెలుగు ఆకాశమును కప్పుచున్నది. బేగంపేటయు పరిశోధనకు తగినది కాదని తోచగా, 1968లో నగరమునకు దూరముగా, జపాల, రంగాపురము గ్రామములకడ 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. నగరము పెరిగినకొలది అచ్చటి ఆకాశమునకును ఆ వెలుగు సోకినది. ముప్పదియేడేండ్లు అంతరిక్షమున నిరాటంకముగా పయనించి వచ్చిన కాంతి, మన మేడకు చేరు చివరి క్షణమున వీథి దీపపు వెలుగులో కలసిపోవుట ఎంత నష్టము! దీపములు మనకు అవసరమే. కాని నేలను చూపవలసిన దీపము నింగిని చూపనక్కరలేదు. పైభాగమున మూతగల దీపము రహదారిని చక్కగా వెలిగించును, ఆకాశమును చెడగొట్టదు, విద్యుత్తును పొదుపు చేయును.

విద్యార్థులారా! స్వాతి నడకను మీరు మీ జీవితకాలమున కంటితో గుర్తింపజాలరు. అయినను అది నడచుచున్నదని మనమెరుగుదుము. ఒకరు కొలిచి వ్రాసినదానిని మరియొకరు భద్రపరచిరి. వేరొకరు దానిని సరిచూచిరి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినను ఈ జ్ఞానము మనకు లభించెడిది కాదు. మీరు చేయు చిన్న కొలతయైనను నిజాయితీతో చేసి, తేదీ వేసి, స్పష్టముగా వ్రాసి యుంచుడు. దాని విలువ ఎవరికి, ఎప్పుడు తెలియునో ముందుగా చెప్పజాలము.